రైలు బొమ్మ మూగబోతే పారేయడమేనా?

సూర్యాపేట, కోదాడ పిల్లలకు రైలంటే ముందు బొమ్మే. ఈ రెండు ఊళ్లూ హైదరాబాద్–విజయవాడ సడక్ మీద ఉన్నాయి గానీ రైలు స్టేషన్ మాత్రం లేదు. అసలు ఇంజన్ చూడాలంటే బీబీనగర్–నడికుడి లైను మీదున్న మిర్యాలగూడ లాంటి ఊరికి పోవాలి. అందుకే జాన్‌పహాడ్ ఉర్సులో కొన్న బ్యాటరీ రైలైనా, దుబాయ్ నుంచి మామూ తెచ్చిన పట్టాల సెట్టైనా మన ఇళ్లలో పిల్లలకు జాన్. లైటు వెలగాలి, చక్రం తిరగాలి, అన్నిటికంటే ముందు కూత వెయ్యాలి. కూత బందయితే పిల్లాడి లెక్కలో రైలు చచ్చిపోయినట్టే.

అప్పుడు పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే. "ఖరాబ్ హోగయా బేటా, ఫేంక్ దే. కొత్తది తెస్తా." నా ఏతరాజ్ ఈ మాట మీదే. చక్రం తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మోటార్ బాగుంది. పోయింది రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదైన ఒక పుర్జా. దాని కోసం మొత్తం బండిని చెత్తబుట్టలో వెయ్యడం ఇస్రాఫ్ కాకపోతే మరేమిటి?

ముందు ఆ పుర్జా సంగతి తెలుసుకుందాం. స్పీకర్‌లో ఒక అయస్కాంతం, దాని సందులో సన్నటి రాగి తీగ చుట్ట, ఆ చుట్టకు అతుక్కున్న పల్చటి పొర ఉంటాయి. చుట్టలో కరెంటు మారుతున్నకొద్దీ పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ కదలికే మనం వినే కూత. చుట్ట తెగినా, పొర చిరిగినా, లోపల దుమ్మూ తడీ చేరినా గొంతు పోతుంది. చాలాసార్లు అంత దూరం కూడా పోదు. పిల్లాడు బొమ్మను కింద పడేస్తే స్పీకర్‌కు అతికించిన వైరు ఊడుతుంది. అంతే.

కనుక్కోవడం కూడా కష్టం కాదు. మొదట కొత్త సెల్స్ వేసి చూడాలి. సెల్స్ దిగిపోతే కూత గరగరమని, తర్వాత ఆగిపోతుంది. అప్పటికీ పలకకపోతే స్క్రూలు విప్పి వైర్లు చూడాలి. వైర్లు బాగుంటే స్పీకర్‌ను బోర్డు నుంచి విడదీసి, దాని రెండు కొసలకు 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించాలి. "టక్" మంటే స్పీకర్‌లో జాన్ ఉన్నట్టే, రోగం బోర్డులో ఉంది. చప్పుడే లేకపోతే స్పీకర్ పోయింది. మల్టీమీటర్ ఉంటే ఇంకా ఆసాన్. 8 ఓమ్‌ల స్పీకర్ మంచిదైతే మీటరు మీద 7 చిల్లర చూపిస్తుంది. చుట్ట తెగితే ఏమీ చూపించదు.

కొత్తది కొనేటప్పుడు మూడు సంగతులు కలవాలి. సైజు, ఓమ్‌లు, వాట్లు. చాలా స్పీకర్ల వెనక అయస్కాంతం మీదే 8 ఓమ్‌లు, 0.5 వాట్ అని రాసి ఉంటుంది. వాట్లు కాస్త ఎక్కువున్నా ఫరక్ లేదు. ఓమ్‌లు తగ్గితే మాత్రం బోర్డు ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వచ్చి వేడెక్కుతుంది, మాడిపోవచ్చు కూడా. విదేశాల నుంచి వచ్చే ఖరీదైన మోడల్ ఇంజన్లలో ఈ జాగ్రత్త మరీ జరూరీ. జర్మనీ కంపెనీ ఈఎస్‌యూ చేసే లోక్‌సౌండ్ బోర్డుల్లో పాత 3.5 రకానికి 100 ఓమ్‌ల స్పీకర్ కావాలి. తర్వాతి రకాలకు 4, 8 ఓమ్‌లవి నడుస్తాయి. పాతదానికి 8 ఓమ్‌లది తగిలిస్తే పుర్జాతో పోయే పని మొత్తం బోర్డు మీదికి వస్తుంది.

ఇంకో మాట. స్పీకర్ ముందు నుంచి వచ్చే ధ్వని, వెనక నుంచి వచ్చే ధ్వని కలిస్తే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. అందుకే దాన్ని గూట్లో సందు లేకుండా బిగించాలి. గ్లూగన్‌తో చుట్టూ మూస్తే చాలు, అదే స్పీకర్ రెట్టింపు పలికినట్టుంటుంది. సోల్డరింగ్ పని పెద్దవాళ్లే చెయ్యాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. చార్జింగ్ బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు.

ఇది మన ఊళ్లలో కొత్త హునర్ కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో రేడియోలు, టేప్‌రికార్డర్లు, షాదీల మైక్‌సెట్లు బాగుచేసి ఇల్లు నడిపిన చేతులు మనవాళ్లలో ఎన్నో ఉన్నాయి. మసీదు యాంప్లిఫయర్ రాత్రి ఆగిపోతే ఫజర్ లోపల లేపుకొచ్చేది ఆ ఉస్తాద్‌నే. అజాన్ వినిపించే హార్న్‌లో ఉన్నది కూడా అయస్కాంతం, తీగ చుట్ట, పొర. పెద్దది బాగుచేసే మనిషికి చిన్నది ఒక లెక్కా?

మరి ఆ ఉస్తాద్ పక్కన షాగిర్ద్ ఉన్నాడా? చాలా దుకాణాల్లో ఆ స్టూలు ఖాళీ. కారణాలు మనకు తెలుసు. స్పీకర్ యాభై రూపాయల లోపే దొరుకుతుంది, గంట పనికి వంద అడిగితే "ఇంత చిన్న పనికి ఇంతనా భాయ్" అని గీచి గీచి బేరం చేస్తాం. అదే మనం షోరూంలో రాసి ఉన్న రేటు చెల్లించి నోరు మూసుకుని వస్తాం. రిష్తా మాటల్లో "లడ్కా మెకానిక్" అంటే ముఖం ముడుస్తాం. ఇన్ని చేసి, హునర్ పోయిందని అఫ్సోస్ పడితే ఏం ఫాయిదా?

చెప్పు తెగితే స్వయంగా కుట్టుకున్న రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ఉమ్మత్ మనది. ఇనుముతో కవచాలు చేసిన హజ్రత్ దావూద్ అలైహిస్సలాం కథ ఖురాన్‌లో చదువుతాం. మజ్లిస్‌లో ఈ మాటలకు సుభానల్లాహ్ అంటాం, దుకాణంలో మరమ్మత్తు చేసే చేతికి మాత్రం ఇజ్జత్ ఇవ్వం.

"భాయ్, మూడొందల బొమ్మకు నూటయాభై పెట్టడం అఖల్‌మందీనా?" అని అడిగేవాళ్లుంటారు. సవాల్ సరైందే. పూర్తిగా విరిగిన బొమ్మకు నేనూ పెట్టమనను. కానీ ఆ నూటయాభైలో రెండు కొంటున్నాం. ఒకటి కూత. రెండోది, బొమ్మ లోపల ఏముందో పిల్లాడి కళ్లారా చూసే గంట. ఈ రెండోది కొత్త డబ్బాలో రాదు.

సర్కారు కాగితాల్లో కూడా ఓ తమాషా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో ఎలక్ట్రిక్ రైలు బొమ్మల పేరు ఉంది. అదే 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మత్తు హక్కు కోసం కమిటీ వేసినప్పుడు మొదట ఎంచుకున్నవి నాలుగు రంగాలు. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. ఆటబొమ్మల పేరు అందులో లేదు. అంటే రైలు బొమ్మ చెత్త అయ్యాక కానూన్‌కు కనిపిస్తుంది, బతికించుకునే దగ్గర కనిపించదు. బొమ్మల కంపెనీలు కూడా స్పీకర్, మోటార్, గేర్లు విడిగా అమ్మాలని, విప్పే స్క్రూలు పెట్టాలని మనం అడగాలి.

కానూన్ వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే జర్నలిస్ట్ మొదటి రిపేర్ కేఫ్ పెట్టింది. పాడైన సామాన్ పట్టుకుని జనం వస్తారు, పని తెలిసినవాళ్ల పక్కన కూర్చుని బాగుచేసుకుంటారు. మనకు కేఫ్ కూడా అక్కర్లేదు. నెలకో ఆదివారం జొహర్ తర్వాత మదర్సా హాలు చాలు. ఒక ఉస్తాద్, రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మీటరు. ఉస్తాద్‌కు ఆ పూట మజ్దూరీ కమిటీ ఇవ్వాలి, సవాబ్ పేరు చెప్పి ముఫ్త్‌లో పని చేయించుకోవద్దు. బేటీలను కూడా కూర్చోబెట్టాలి. సన్నటి తీగను అతికించే పనికి జర్దోజీ, కుట్టు తెలిసిన వేళ్ల కంటే మంచివి ఎక్కడ దొరుకుతాయి?

ఆసక్తి ఉన్న పిల్లలకు దారి కూడా ఉంది. ఐటిఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండేళ్ల ట్రేడు. సైన్స్, లెక్కలతో పదో తరగతి పాసైతే చేరొచ్చు. దాన్ని "చదువు రానివాడి ఆఖరి దారి" అనడం ఇంట్లో ముందు మానాలి.

మీ ఇంట్లో మంచం కింద మూగబోయిన బొమ్మ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్నీ, పిల్లాడినీ తీసుకుని దగ్గర్లోని మెకానిక్ దుకాణానికి పోండి. పిల్లాడిని బయట నిలబెట్టొద్దు, ఉస్తాద్ పక్కనున్న ఖాళీ స్టూలు మీద కూర్చోబెట్టండి. ఆయన అడిగిన కూలీ బేరం లేకుండా ఇచ్చి రండి.