గట్టుమీద మనుషులు కావాలి

ఒడ్డున నిలబడి మాట్లాడేవాణ్ణి మన సమాజం ఏనాడూ పెద్దగా గౌరవించలేదు. "గట్టుమీద ఉండి ఎన్నైనా చెబుతావు, దిగితే తెలుస్తుంది లోతు" అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా కొన్నేళ్ళుగా ఈత పోటీలలో స్వచ్ఛందంగా గడియారం పట్టుకుని గట్టుమీద నిలబడుతున్నవాణ్ణి కనుక, గట్టు తరఫున కూడా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మాది ఆదోని. పత్తి మార్కెట్టుకూ కొండమీది కోటకూ పేరున్న ఊరు. పక్కనున్న ఎమ్మిగనూరుకు మగ్గాల వల్ల పేరు వచ్చింది. నీళ్ళ వల్ల పేరు మాత్రం రెండింటికీ లేదు. తుంగభద్ర దిగువ కాలువలో నీరు పారినన్నాళ్ళూ ఒక బతుకు, పారనన్నాళ్ళు మరొక బతుకు. అందుకే ఈత పోటీలకు వెళ్తున్నానని చెబితే తెలిసినవాళ్ళు మొదట నవ్వుతారు. "తాగే నీళ్ళకే కరువుంటే ఈతకు అంపైరువా అప్పా?" అని ఒక పెద్దాయన అడగనే అడిగారు.

ప్రశ్న సబబైనదే. కానీ మా వైపు ఈత లేదనుకోవడం మాత్రం పొరపాటు. ఎండిన సొరకాయ బుర్రో బెండో నడుముకు కట్టుకుని బావిలోకి దూకి నేర్చుకున్న తరం ఇంకా ఉంది. (ఏ బావిలోకి ఎవరు దిగవచ్చుననే లెక్కలు కూడా ఆ తరానికి బాగానే తెలుసు. ఆ సంగతి మరచిపోయి బావుల రోజుల్ని పొగడడం నాకు ఇష్టం లేదు.) బోర్లు వచ్చాక చాలా బావులు ఎండాయి, కొన్ని పూడిపోయాయి. ఈత నేర్పే చోటు పోయింది కానీ పిల్లలకు నీళ్ళమీద మోజు పోలేదు. వాళ్ళు కాలువల్లోనూ కుంటల్లోనూ దిగుతున్నారు. వేసవి వస్తే మా ప్రాంతంలో ఈత అనే మాట వార్తల్లో కనబడేది ఎవరి బిడ్డో మునిగిపోయినప్పుడే. ఆ మాటకు మరో అర్థం కూడా ఉండాలన్నది నా కోరిక. ఈదడం ఒక విద్య, దానికొక కొలత ఉంది, ఆ కొలతలో మా పిల్లల పేర్లూ ఎక్కవచ్చు.

కొలవడానికి మనుషులు కావాలి. ఎంతమందో చెబితే చాలామంది నమ్మరు. చేతి గడియారాలతో పద్ధతి ప్రకారం పోటీ జరపాలంటే ఒక్కో వరుసకు ముగ్గురు టైమ్‌కీపర్లుండాలి. ఎనిమిది వరుసలకు 24 మంది. మలుపుల దగ్గర చూసేవాళ్ళు, ఈదే తీరును గమనించే స్ట్రోక్ జడ్జీలు, స్టార్టరు, రిఫరీ, ఫలితాలు రాసేవాళ్ళు కలిస్తే సంఖ్య 40 దాకా పోతుంది. నీళ్ళలో ఉన్నది ఎనిమిదిమంది పిల్లలే! చిన్న పోటీల్లో ఇంతమంది దొరకడం కల్ల. వ్యాయామోపాధ్యాయులే రెండు మూడు పనులు మీద వేసుకుంటారు, మిగిలిన గడియారాలు అక్కడికి వచ్చిన తల్లిదండ్రుల చేతికి వెళ్తాయి. వాళ్ళ శ్రమను తక్కువ చేయను. కానీ కన్నబిడ్డ ఈదుతున్న వరుసలో తండ్రి చేతికి గడియారం ఇవ్వడం ఆ తండ్రికే అన్యాయం. ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆ క్షణంలో అతని వేలు అతని మాట వినదు.

ముగ్గురు ఎందుకంటారా? మూడు గడియారాల్లో రెండు ఒకే సమయం చూపితే అదే లెక్క. మూడూ వేరువేరుగా ఉంటే మధ్యది లెక్క. ఎంత చక్కని ఏర్పాటో చూడండి. ఏ ఒక్కరి చేతి తొందరా, ఏ ఒక్కరి అలసటా ఆ పిల్లవాడి మీద పడకుండా మిగతా ఇద్దరూ కాస్తారు. నాకు నేర్పినవారు మొదట చెప్పింది, చప్పుడు విని నొక్కవద్దని. 50 మీటర్ల కొలనులో 50 మీటర్ల పందెం అవతలి అంచున మొదలై మన దగ్గర ముగుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక మన చెవిదాకా రావడానికి సెకనులో దాదాపు 15 శతాంశాలు పడుతుంది. చెరువు అవతలి గట్టున బట్ట బండను తాకడం ముందు కనబడుతుంది, చప్పుడు తరవాత వినబడుతుంది కదూ, అదే ఇది. అందుకే తుపాకీ అయితే పొగనూ, హారన్ అయితే దానితో వెలిగే దీపాన్నీ చూసి నొక్కాలి. చెవిని నమ్ముకున్నవాడు పిల్లవాడికి సంపాదించని 15 శతాంశాలు దానం చేస్తాడు. ఆ దానం పక్క వరుసలోని పిల్లవాడి జేబులోంచి పోతుంది.

పెద్దచోట్ల కూడా ఈ విషయంలో అపచారాలు జరిగాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెవిట్, అమెరికాకు చెందిన లాన్స్ లార్సన్ ఇంచుమించు ఒకేసారి గోడను తాకారు. లార్సన్ వరుసలోని మూడు గడియారాలు 55.0, 55.1, 55.1 చూపాయి. డెవిట్ వరుసలో మూడూ 55.2. కంటితో చూసి తీర్పు చెప్పే న్యాయనిర్ణేతలు మాత్రం చీలిపోయారు, చివరకు ప్రధాన నిర్ణేత డెవిట్‌కు బంగారు పతకం ఇప్పించారు. పతకం అలాగే ఉండిపోయింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి గోడకు అమర్చే టచ్‌ప్యాడ్లు వచ్చి ఈ తగవు తీర్చాయి. ఆ పలకలు మన చిన్న ఊళ్ళ పోటీలకు ఎప్పుడొస్తాయో గానీ, అందాకా మూడు గడియారాలూ మూడు జతల కళ్ళే దిక్కు.

కష్టమైన పని గడియారం కాదు, చెయ్యి ఎత్తడం. ఒకసారి నేను మలుపుల దగ్గర ఉన్నాను. కాలువ పక్క పల్లెనుంచి వచ్చిన కుర్రవాడు బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అందరికన్నా ముందు వచ్చి ఒంటి చేత్తో గోడను పట్టుకున్నాడు. బావి మెట్టును పట్టుకున్నట్టే! ఆ ఈతలో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. సందేహం ఉంటే లాభం ఈతగాడికే ఇవ్వాలి కానీ నాకు సందేహం లేదు. చెయ్యి ఎత్తాను, చీటీ రాశాను, రిఫరీ ఒప్పుకున్నారు. బాధ కలిగించింది ఆ తరవాతి సంగతి. ఫలితాల కాగితం ఇంగ్లీషులో అంటించారు. తన పేరు ఎదుట ఉన్న రెండక్షరాలకు అర్థమేమిటో ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. అంకెకోసం వేలుపెట్టి వెతుకుతున్నాడు. నా విధి ముగిశాక వెళ్ళి చెప్పాను. "నా ఈత తప్పా సార్, చెయ్యి తప్పా?" అన్నాడు. చెయ్యేనప్పా, అన్నాను. అక్కడే గోడకు రెండు చేతులూ ఆనించి చూపించి, "ఇట్లనా?" అని మూడుసార్లు అడిగాడు.

నా వాదమంతా ఇక్కడే ఉంది. నియమాలు కఠినమైనవి కావు, తెలియకపోవడమే కఠినం. ఫ్రీస్టైల్లో అలసిన పిల్లవాడు కొలను అడుగున కాళ్ళు ఆనించి నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు, నడవకూడదంతే. ఇంత దయగల నియమం ఉందని తెలియక భయపడి బయటికి ఎక్కేసిన పిల్లలున్నారు. బావిలో నేర్చినవాడి చెయ్యి ఎందుకలా పోతుందో తెలిసిన మనిషి గట్టుమీద ఉంటే తీర్పు మారదు, మారకూడదు కూడా. కానీ ఆ తీర్పు పిల్లవాడికి వాడి భాషలో అందుతుంది.

మరో సంగతి. గట్టుమీద ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే అయితే పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లను పోటీకి పంపడానికి మావైపు ఎంతమంది తల్లులు ఒప్పుకుంటారు? ప్రతిభ లేక కాదు, ఆ పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. చీర కొంగు దోపుకుని చేతిలో గడియారంతో ఒక టీచరమ్మ నిలబడితే జరిగే మేలు ఏ ప్రచార సభతోనూ జరగదు.

"కొలనే లేని చోట అధికారులెందుకు?" అంటారు. కొలను కట్టడానికి నిధులు కావాలి, నీళ్ళు కావాలి, పాలకుల దయ కావాలి. మనిషి తయారుకావడానికి కొన్ని ఆదివారాలు చాలు. ఈత రానక్కరలేదు కూడా. (నాకు వచ్చినది బావి ఈతే, దాంతో ఏ పోటీలోనూ నిలవలేను.) జిల్లా ఈత సంఘాన్నో, బడిలోని వ్యాయామోపాధ్యాయుణ్ణో అడిగితే దారి చెబుతారు. నియమావళి చదవాలి, మొదట పెద్దల పక్కన నిలబడి మూడో గడియారం పట్టుకోవాలి, ఎండకు టోపీ పెట్టుకోవాలి. అధికారి అనే పేరుకు మోసపోకండి. అధికారం ఒక్కో పందెం ముగిసేదాకా, జీతం సున్న.

ఇటీవల ఎమ్మిగనూరులో ఇద్దరు ఉపాధ్యాయినులను అడిగాను. ఒకరు ఆలోచించి చెబుతానన్నారు. రెండో ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు, అయితే పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో పిలవకూడదట. ఇంటికి తీసుకువెళ్ళి అలవాటు చేసుకోవడానికి నా గడియారం అడిగి తీసుకున్నారు.