రాడ్డు వేసింది డాక్టరే, దారి చూపింది ఎవరు?

భిలాయిలో ఎవరికైనా తొడ ఎముక విరిగి ఆపరేషన్ జరిగిందంటే, ఇరుగుపొరుగు ముందుగా అడిగేది ‘ఏ డాక్టర్ చేశారు?’ అనే. రాడ్డు వేసిన సర్జన్ పేరు చుట్టాలందరికీ చేరుతుంది. అదే థియేటర్లో ఆయనతోపాటు గంటల తరబడి నిలబడ్డ టెక్నాలజిస్టు ఎవరో ఇంట్లోవాళ్లకూ తెలియదు.

సోవియట్ సాయంతో కట్టిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. ఊరికి పెద్ద దిక్కు సెక్టార్-9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి. 2018 అక్టోబరు 9 నాటి గ్యాస్ పైపులైను పేలుడు లాంటివి దేశమంతటా వార్తలవుతాయి. ఎత్తు నుంచి జారిపడటం, బరువు కింద కాలు నలగడం, జీఈ రోడ్డు మీద బైకు బోల్తాపడటం వార్తలు కావు. ఎముకల వార్డుకు చేర్చేవి మాత్రం ఇవే.

తొడ ఎముకలోకి దించిన రాడ్డును కింది చివర స్క్రూలతో బిగించే ఘట్టం చూస్తే టెక్నాలజిస్టు విలువ తెలుస్తుంది. రాడ్డులోని రంధ్రం చర్మం, కండ, ఎముక వెనక దాగి ఉంటుంది. సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద ఆ రంధ్రం గుండ్రంగా కనిపించాలి. యంత్రం కాస్త వాలినా కోలగా కనిపిస్తుంది, డ్రిల్లు పక్కకు పోతుంది. అనుభవం ఉన్నవారు ఒకటి రెండు షాట్లలో సరిచేస్తారు. లేనివారు పదిసార్లు తీస్తారు. తీసిన ప్రతిసారీ రేడియేషన్ పడేది రోగి మీదే కాదు, చుట్టూ నిలబడ్డ అందరి మీదా.

టూర్నికే బిగించి రక్తప్రవాహం ఆపిన క్షణం నుంచి గడియారం మీదా ఓ కన్ను ఉండాలి. సాధారణంగా రెండు గంటలు దాటనివ్వరు. కట్టు వేసేటప్పుడూ అంతే జాగ్రత్త. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. తడిపే నీళ్లు మరీ వేడిగా ఉంటే చర్మం కాలవచ్చు. కట్టు బిగుసుకుని వేళ్లు వాచి, తిమ్మిరెక్కి, నొప్పి పెరుగుతుంటే వెంటనే విప్పించాలి. ఆలస్యమైతే కండరాలు చచ్చుబడతాయి. ఇవన్నీ చూసీచూసీ నేర్చుకుంటే చాలదు, పద్ధతిగా నేర్పాలి.

ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్టులను కూడా కలుపుకొని పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. చదువుకు ప్రమాణాలు, రిజిస్టర్‌లో పేరు, రాష్ట్రాల్లో మండళ్లు దాని ఉద్దేశాలు. అమలు నత్తనడక నడవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఖర్చు పెరుగుతుందని చిన్న ఆస్పత్రులు అనవచ్చు. కానీ సరిగా పడని స్క్రూకు మళ్లీ చేసే ఆపరేషన్ ఖర్చు కూడా లెక్కలోకి రావాలి కదా!

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాలు రిజిస్ట్రేషన్‌ను కాగితాల మీద వదిలేయకూడదు. సీ-ఆర్మ్ ఉన్న ప్రతి థియేటర్లో శిక్షణ పొందిన మనిషి ఉండాలి. వారికి సీసపు ఏప్రాన్, రేడియేషన్ బ్యాడ్జి తప్పక ఇవ్వాలి. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ఎవరని అడిగే కుటుంబాలు, యంత్రం నడిపేది ఎవరని, వారి అర్హత ఏమిటని కూడా అడగాలి.