కాలిన మచ్చకు లేజర్ సోకు కాదు, ఆరోగ్యశ్రీలో చేర్చాలి

మోచేతి మడతలో కాలిన పుండు మానింది. కట్టు విప్పేశారు, డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది. నెలా రెండు నెలలు తిరిగేసరికి అదే చోట చర్మం ఎర్రగా ఉబ్బి, గట్టిపడి, చేతిని లోపలికి లాగడం మొదలుపెడుతుంది. రాత్రయితే దురద నిద్ర పోనివ్వదు. చెరుకు నరకబోతే చెయ్యి పూర్తిగా చాపుకోదు. లోతుగా కాలిన చోట చెమట గ్రంథులు కూడా నశిస్తాయి. ఒళ్లు చాలా భాగం కాలినవాళ్లకు ఎండలో అల్లం చేను పని ప్రాణం మీదికి తెస్తుంది. జహీరాబాద్ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఆసుపత్రికి పోవడం మానేసి, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని బతుకు నెట్టుకొస్తున్నారు. బతికి బయటపడ్డారు, ఇంకేం కావాలన్నట్టుంది వ్యవస్థ తీరు.

మూడు వారాలు దాటినా మానని కాలిన గాయానికి ఉబ్బు మచ్చ పడే ముప్పు ఎక్కువ. అడుగున కొల్లాజెన్ అనే ప్రొటీన్ అదుపు తప్పి పేరుకుపోతుంది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఆ మచ్చలో కంటికి ఆనని సన్నటి రంధ్రాలు వరుసగా పెడుతుంది. రంధ్రాల మధ్య చర్మం చెక్కుచెదరదు కాబట్టి గాయం త్వరగా పూడుతుంది, పాత కొల్లాజెన్ కరిగి కొత్తది సర్దుకుంటుంది. అదే రంధ్రాల గుండా స్టెరాయిడ్ మందును మచ్చ లోతుకు పంపవచ్చు. పల్స్‌డ్ డై లేజర్ దారి వేరు: అది మచ్చలోని రక్తనాళాలను మూసి, ఎర్రదనాన్నీ దురదనూ తగ్గిస్తుంది. ఒక్కసారితో పని కాదు, కొన్ని వారాల విరామంతో పలుమార్లు చేయించుకోవాలి. మన చామనచాయ, నల్లని చర్మాలకు కిరణం మోతాదు తగ్గించి, చెయ్యి తిరిగిన డాక్టరే చేయాలి. లేకపోతే కొత్త మరకలు పడతాయి. కీలు పూర్తిగా ముడుచుకుపోతే మాత్రం సర్జరీ తప్పదు.

ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. ఫ్రాక్షనల్ పద్ధతి 2004లోనే వెలుగులోకి వచ్చింది. గాయాల మచ్చలకు దీన్ని వాడాలని 2014లో నిపుణుల బృందం ఏకాభిప్రాయ నివేదిక ఇచ్చింది. కాలిన మచ్చను లేజర్‌తో సడలించి కదలిక తెచ్చే చికిత్సకు అమెరికాలో 2018 నుంచి ప్రత్యేక బిల్లింగ్ కోడే ఉంది. అందం కోసం చేసేది వేరు, అవయవం పనిచేయడానికి చేసేది వేరని అక్కడ కాగితం మీదే గీత గీశారు. ఇక్కడా గీయాలి.

సంగారెడ్డి జిల్లాకు ఈ అవసరం మరీ ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో చందాపూర్ రసాయన పరిశ్రమలో పేలుడు, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫార్మా పరిశ్రమలో నలభై మందికి పైగా కార్మికుల ప్రాణాలు తీసిన పేలుడు అందరికీ గుర్తే. చనిపోయినవారి లెక్క పత్రికల్లో వస్తుంది, కాలి బతికినవారి తర్వాతి సంవత్సరాల గురించి ఎవరూ రాయరు. వంటింట్లో చీర కొంగు అంటుకున్న ఆడవాళ్లు, వేడినీళ్లు మీద పడ్డ పిల్లలు అసలు వార్తే కారు. దేశంలో ఏటా దాదాపు 70 లక్షల మంది కాలిన గాయాల పాలవుతున్నారని, 2.4 లక్షల మంది వైకల్యంతో మిగులుతున్నారని కాలిన గాయాల నివారణ జాతీయ కార్యక్రమ అంచనా.

యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా చికిత్స చేయాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వారిని దివ్యాంగులుగా గుర్తించింది. న్యాయమైన పని. స్టవ్ పేలి కాలిన చర్మం కూడా అలాగే ముడుచుకుంటుంది, అలాగే లాగుతుంది. అలా కాలినవారికి ఆ హక్కు ఎందుకు ఉండకూడదు?

ఆరోగ్యశ్రీ 2007 నుంచి నడుస్తోంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. నొప్పి, దురద, కదలిక లోపం ఉన్న ఉబ్బు మచ్చలకు లేజర్‌ను అందులో పేరు పెట్టి చేర్చాలి, అన్ని విడతలకూ కలిపి ఒకే అనుమతి ఇవ్వాలి. యంత్రం సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉండాలి. ప్రతి విడతకూ జహీరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల దూరం హైదరాబాద్ పోతే ఛార్జీలతో పాటు ఆ రోజు కూలీ పోతుంది, మూడో విడతకు మనిషి రాడు. రోజుకు 23 గంటలు తొడుక్కోవాల్సిన ప్రెషర్ గార్మెంట్లు, సిలికాన్ పట్టీలు, ఫిజియోథెరపీ మాత్రం జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలోనే దొరకాలి. ఇవి లేకుండా లేజర్ ఒక్కటే పెట్టినా సగం పనే.

మీ ఇంట్లో, మీ వాడలో కాలిన మచ్చతో బాధపడేవారుంటే డిశ్చార్జి కాగితాల నకళ్లు తీసి, సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. అర్జీలో మచ్చ ఎలా కనిపిస్తుందో కాదు, దాని వల్ల ఏ పని ఆగిపోయిందో రాయండి.