రొట్టెకి 19 ఏళ్లు

"నోరు లేని సినిమా, అదీ ఆరు గంటలు! ఎవరు చూస్తారు సాబ్?" అంటున్నారు కొందరు దోస్తులు. 1925లో ఫ్రాన్స్‌లో ఆన్రీ ఫెస్కూర్ తీసిన 'లే మిజరాబ్ల్' గురించే ఈ మాట. "కథ తెలిసిందేగా! ఒక దొంగ మంచివాడయ్యాడు, పోలీసు వెంటపడ్డాడు, అంతేగా!" అని కూడా అంటారు.

ఆ 'అంతేగా'తోనే నా ఝగ్డా.

విక్టర్ హ్యూగో 1862 నాటి నవలలో జాన్ వాల్జా చేసిన గునా ఏంటి? అక్క పిల్లలు ఆకలితో ఉంటే ఒక్క రొట్టె దొంగిలించాడు. సజా 5 ఏళ్లు. పారిపోబోయిన ప్రతిసారీ పెంచుకుంటూ పోయి మొత్తం 19 ఏళ్లు చేశారు. బయటికొచ్చాక చేతిలో పసుపుపచ్చ కాగితం. అది ఉన్నవాడికి తిండీ లేదు, పడుకోను చోటూ లేదు. దీన్ని దొంగ మారిన కథ అంటారా? మారాల్సింది ఖైదీయా, కానూనా?

రెండు గంటలకి కుదిస్తే ముందు కోతపడేది గరీబీయే. వేట మాత్రం ఎక్కడికీ పోదు. ఫెస్కూర్ నాలుగు భాగాలు తీసి, ఒక భాగానికి ఫాంటీన్ పేరే పెట్టాడు. బిడ్డ కోసం జుట్టు అమ్మి, పళ్లు అమ్మి, చివరికి ఒళ్లు అమ్ముకున్న తల్లి ఆమె. ఆ తల్లీ, పెద్దదైన కూతురు కోజెట్ ఇద్దరూ సాంద్రా మిలోవనోఫే. డబుల్ రోల్ అంటే మనకి తమాషా. ఇక్కడ అది హిసాబ్. కోజెట్ తెరమీదికి రాగానే చచ్చిపోయిన తల్లి మొహం మళ్లీ మన ముందుకొస్తుంది. ఆ బిడ్డ సుఖానికి ఖరీదు ఎవరు కట్టారో మర్చిపోనివ్వదు.

జావేర్‌ని విలన్ అనేసి చేతులు దులుపుకోవడమూ ఆసాన్. లంచం తీసుకోడు, ఎవరికీ అమ్ముడుపోడు. కానూన్ తప్ప ఇంకేమీ తెలీదు. నాకు ఖౌఫ్ అక్కడే! రహమ్ ఎదురైన రోజు తట్టుకోలేక నదిలో దూకాడు.

మనకీ ఈ కథ పరాయిది కాదు. సోహ్రాబ్ మోదీ 1955లో 'కుందన్' తీశాడు. తెలుగులో 1950లో ఒకసారి, 1972లో ఇంకోసారి వచ్చింది. రెండుసార్లూ పేరు 'బీదల పాట్లు'. చూశారా, 'మారిన దొంగ' అనలేదు. మనవాళ్లు పేరులోనే అసలు సంగతి సాఫ్‌గా చెప్పేశారు.

ఇక నోరు లేదన్న షికాయత్. బోనులో నిలబడ్డ గరీబుకి నోరెప్పుడుంది సాబ్? ఆరు గంటలు కూర్చోలేమంటారా? వాల్జాకి పడింది 19 ఏళ్లు.