పత్తి చేను చుట్టూ జొన్న ఏది?

ఈ వారం మాదాపూర్‌లో వ్యవసాయ యాప్‌ల ప్రదర్శన ఒకటి చూసి వచ్చాను. కడుపు మండింది. ఆకు ఫొటో తీస్తే చాలు, పురుగు పేరూ కొట్టాల్సిన మందూ చెప్పేస్తుందన్నారు. పత్తి ఆకు మీద నల్లగా, వీపున నారింజ మచ్చలతో, చిటికెడు మొసలిలా ఉన్న పురుగు ఫొటో ఇచ్చాను. 'చీడ, పిచికారీ చేయండి' అని వచ్చింది. అది అక్షింతల పురుగు పిల్ల! ఎదిగేలోపు వందల పేనుబంకను తినేస్తుంది. దాన్నే చంపమంటున్నారు.

ఈ పురుగును చేనుకు రప్పించేది జొన్న. పత్తి చుట్టూ నాలుగు సాళ్లు వేస్తే ముందు దానికే పేను పడుతుంది. ఆ పేను పత్తిని పట్టే రకం కాదు. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు చేరి అక్కడే గుడ్లు పెడతాయి. పత్తికి పేను పట్టేసరికి తినేవి పక్కనే ఉంటాయి. మధ్య సాళ్లలో అలసంద ఉంటే ఇంకా మేలు. తిండి దొరకని రోజుల్లో దాని కాడల మీద ఊరే తీపి రసం మిత్రపురుగులను నిలబెడుతుంది, నేలను కప్పిన తీగ కింద సాలీళ్లు తలదాచుకుంటాయి. తొందరపడి మొదటి మందు కొట్టామా, ముందు పోయేవి ఇవే. తెల్లదోమ మాత్రం మళ్లీ లేస్తుంది.

1997-98లో వరంగల్ పత్తి రైతులు లద్దెపురుగు మీద మందు మీద మందు కొట్టి, అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. అంత త్వరగా ఎలా మరిచిపోయాం?

ఇలా పంటలు కలిపి వేస్తే కూలి ఎక్కువంటారు. నిజమే. మరి మందుల ఖర్చు లెక్కలోకి రాదా? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఒకే చేలో జొన్న, కంది, పెసర, అనుములు కలిపి పండిస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. మన యాప్‌లు రాసేవాళ్లు ఒక్కసారి ఆ చేలల్లో నడిచి రావాలి.

మందు కొట్టే డ్రోన్‌కు కేంద్రం మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయమిస్తోంది. గట్టు మీద జొన్న వేయమని చెప్పే మనిషి మాత్రం ఊళ్లో కనబడడు. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) పెట్టింది రైతుకు తోడుండడానికే కదా! వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి సర్వే నంబర్లు ఎక్కించమంటున్నారు. డిజిటల్ పంటల సర్వే తమ వల్ల కాదని 2024లో వాళ్లే ఆందోళనకు దిగారు. ఆ పని వేరేవాళ్లకు అప్పజెప్పండి. వచ్చే వానాకాలం పత్తి విత్తే ముందే ఏఈఓలను జొన్న, అలసంద విత్తనాల సంచులతో ఊళ్లలోకి పంపండి.