స్వేచ్ఛమ్మకి ఓటేదీ?

పారిస్ వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే కబుర్లు ఎప్పుడూ ఒకటే. ఈఫిల్ టవరెక్కాం, మోనాలిసాని చూశాం, సెంటు సీసాలు కొన్నాం! మరీ తీరికుంటే వెర్సాయ్ రాజభవనమూ, అక్కడి మేరీ ఆంట్వానెట్ రాణిగారి సోకులూనూ. ఫ్రాన్సంటే ఆడదాని అలంకారమే అని తీర్మానించుకుని విమానమెక్కేస్తారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ మోనాలిసానే తీసుకోండి. ముప్పావు మీటరు ఎత్తు బొమ్మ. గీసింది ఇటలీవాడు, బొమ్మలో ఉన్నదీ ఇటలీ ఇల్లాలే. ఆవిడ దర్శనానికి తోసుకుంటూ వెళ్తాం. వెళ్ళండి, తప్పులేదు. కాని అదే లూవ్ర్ మ్యూజియంలో డెలాక్రువా 1830లో గీసిన పెద్ద చిత్రం ఒకటుంది. ఒక స్త్రీ చేత మూడు రంగుల జెండా పట్టుకుని, పడివున్న శవాల మీదుగా జనాన్ని ముందుకు నడిపిస్తూ ఉంటుంది. ఆవిడ పేరు స్వేచ్ఛ. దాని ముందు నిలబడి నేను లెక్క వేసుకున్నాను. ఆ స్వేచ్ఛమ్మ దేశంలో ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది 1944లో! బొమ్మ పుట్టిన 114 ఏళ్ళకన్నమాట. కోస్తా, రాయలసీమలు కలిసివున్న మన పాత మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళకయినా 1921లోనే ఓటు దక్కింది. ఆడదాన్ని దేవతని చేసి గోడకి తగిలించి, అడిగిందివ్వకపోవడం మన దేశం సొత్తే అనుకుంటాం కదూ!

ఇక వెర్సాయ్‌లో గైడు చెప్పే కథ. రొట్టె లేకపోతే కేకు తినమని రాణిగారు అందిట. అన్నదనడానికి ఆధారమే లేదు. రూసో అలాంటి కథ రాసేనాటికి ఈవిడ ఆస్ట్రియాలో ఆడుకుంటున్న చిన్నపిల్ల. నిజంగా జరిగింది మాత్రం గైడు చెప్పడు. 1789 అక్టోబరు 5న పారిస్ బజార్లలో సరుకులమ్ముకునే ఆడవాళ్ళు, వేలమంది, రొట్టె కోసం వానలో వెర్సాయ్ దాకా నడిచారు. మర్నాడు రాజునీ రాణినీ వెంటబెట్టుకుని మరీ పారిస్ తిరిగొచ్చారు. 1791లో ఒలింప్ ద గూజ్ అనే రచయిత్రి స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. 1793 నవంబరులో ఆవిడ తల తీశారు. గిలటిన్ దగ్గర మాత్రం ఆడా మగా సమానమే!

అంతెందుకు? భర్త అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరడానికీ, తన పేరున బ్యాంకు ఖాతా తెరవడానికీ ఫ్రెంచి ఇల్లాలు 1965 దాకా ఆగింది. ఫ్యాషన్ పత్రికల్లోని పారిస్ అమ్మాయిని చూసి నిట్టూర్చే మనకి ఈ ముక్క ఎవరయినా చెప్పారా?

"సరదాగా తిరిగిరాక ఈ గోలంతా ఎందుకమ్మా?" అంటారేమో. ఎందుకంటే ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో వెళ్తాం. అంగడివాడు చూపించిందే చూసొస్తే, ఆ సెంటు మన ఊళ్ళోనూ దొరుకుతుంది.

ఈసారి వెళ్తే పాంథియన్ కూడా చూడండి. దేశం కృతజ్ఞతతో తన మహాపురుషులకి అంకితమిచ్చినట్టు గుమ్మం మీదే చెక్కి ఉంటుంది. కేవలం తన ప్రతిభతో అక్కడ చోటు సంపాదించుకున్న మొదటి స్త్రీ మేరీ క్యూరీ. రెండు నోబెల్ బహుమతులు గెలిచి, 1934లో చనిపోయిన ఆవిడకి ఆ గుమ్మం తెరుచుకున్నది 1995లో. గైడు తొందరపెడితే పెట్టనివ్వండి. అక్కడ ఓ పది నిమిషాలు నిలబడి రండి.