మునిగిన ఓడలు - మిగిలిన గురుతులు

దూరప్రయాణము చేసి వచ్చినవాడు ఏదో యొక గురుతును వెంట తెచ్చుకొనుట మానవస్వభావము. కాశికి పోయినవాడు గంగచెంబును తెచ్చును. తిరుపతికి పోయినవాడు ప్రసాదముతోపాటు స్వామివారి పటమును తెచ్చును. అట్లే ఒకప్పుడు అట్లాంటిక్ మహాసముద్రమును దాటినవారు తామెక్కిన ఓడనుండి భోజనపట్టికనో, ప్రయాణికుల పేర్ల జాబితానో, ఓడ బొమ్మగల పోస్టుకార్డునో ఇంటికి తెచ్చుకొని పదిలపరచుకొనిరి. 1958 అక్టోబరులో జెట్ విమానములు ఆ సముద్రముమీద ప్రయాణికులను చేరవేయ మొదలుపెట్టిన పిమ్మట మహానౌకలు ఒక్కొక్కటిగా కనుమరుగైనవి. ఓడలు పోయినవి, కాగితములు మిగిలినవి. ఆ కాగితములను, పింగాణి పాత్రలను, చెక్కపలకలను సేకరించుట నేడు పాశ్చాత్యదేశములలో ఒక వ్యాసంగముగను, ఒక వ్యాపారముగను కూడ వర్ధిల్లుచున్నది. ఈ రెంటికిని నడుమగల భేదము చరిత్ర బోధించు ఉపాధ్యాయులును, అభ్యసించు విద్యార్థులును గుర్తింపదగినది.

నియతమైన మార్గమున, నియతమైన కాలమున, తపాలాను ప్రయాణికులను చేరవేయు పెద్ద ఓడకు లైనరని పేరు. ఆ ఓడలమీది జీవితమునకు సంబంధించిన చిన్నవస్తువులే సేకరణకర్తలకు నిధులు. పై తరగతుల వారికి ఆ యాత్రలోని సహప్రయాణికుల పేర్లను అచ్చువేసిన పుస్తకమును కంపెనీవారు పంచిపెట్టెడివారు. కడపటి విందునాటి భోజనపట్టికపై ఒకరి కొకరు సంతకములు చేసి ఇచ్చుకొనెడివారు. పెట్టెలపై అంటించు చీటీలలో సైతము 'ప్రయాణములో కావలసినది' అనియు, 'అక్కరలేనిది' అనియు రెండు రకములుండెడివి. రెండవ రకపు పెట్టెలు ఓడ అడుగున సామాను గదికి పోయెడివి. ఇట్టి చీటీ ఒక్కటి చాలు, ఆ కాలపు ప్రయాణమెట్లు సాగెనో ఊహించుటకు.

కాగితములకంటె పెద్ద గురుతులును కలవు. 1935లో రెండు ప్రసిద్ధనౌకల సామగ్రి వేలమునకు వచ్చినది. వానిలో మొదటిది 'మారిటేనియా'. ఇరువది యేండ్లపాటు వేగమున తనకు సాటిలేదనిపించుకొన్న ఓడ యిది. దాని చెక్కపనిలో కొంత బ్రిస్టల్ నగరమున ఒక పానశాల గోడలకు అమరినది. రెండవది 'ఒలింపిక్'. ఇది 'టైటానిక్'కు తోబుట్టువు. ఒకే నమూనాపై నిర్మింపబడినది. దీనిని విప్పుటకై ఇంగ్లండులోని జారో పట్టణమునకు కొనితెచ్చిరి. పనులు లేక పస్తులున్న ఆ పట్టణపు కార్మికులకు ఒక మహానౌకను పగులగొట్టుటయే కొంతకాలము జీవనోపాధి అయినది. దాని మెట్లవరుసలో కొంత భాగమును, చెక్కపలకలును ఆనిక్ అను ఊరిలోని 'వైట్ స్వాన్' హోటలులో నేటికిని చూడవచ్చును. సముద్రగర్భమున జీర్ణించిపోవుచున్న టైటానిక్ లోపలి సొగసు ఎట్టిదో తెలియగోరువారికి ఆ హోటలు గోడలే ప్రత్యక్షసాక్ష్యము.

ఫ్రెంచివారి 'నార్మండీ' కథ మరియొక తీరు. 1935లో తొలియాత్ర చేసిన ఈ ఓడను యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము స్వాధీనము చేసుకొని సైనికనౌకగా మార్చుచుండగా, 1942 ఫిబ్రవరి 9న న్యూయార్కు రేవులో నిప్పంటుకొన్నది. మంటలార్పుటకు పోసిన నీటి బరువునకే అది ప్రక్కకొరిగి పడిపోయినది. అయినను లోపలి అలంకారములలో చాలభాగమును అంతకుముందే విప్పి భద్రపరచియుండుటచే అవి దక్కినవి. జీన్ డ్యూపా చిత్రించిన నౌకాయాన చరిత్రను తెలుపు అద్దపు పలకలు నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నవి. భోజనశాల తలుపుల కంచుఫలకములు బ్రూక్లిన్‌లోని ఒక చర్చికి ద్వారములైనవి. విందులకు తెరచుకొన్న తలుపులు ప్రార్థనలకు తెరచుకొనుచున్నవి!

ఇంతవరకు సేకరణ చరిత్రకు మిత్రమే. కాని వ్యాపారము ప్రవేశించినచోట సంగతి మారును. 1972 జనవరిలో హాంకాంగు రేవులో కాలిపోయిన 'క్వీన్ ఎలిజబెత్' ఇత్తడిని కరగించి పార్కర్ కంపెనీవారు 1977లో 5,000 కలములు చేసి అమ్మిరి. కలము మంచిదే కావచ్చును. కాని ఆ ఇత్తడి ఓడలో ఏ తలుపునకుండెనో, ఏ గవాక్షమునకుండెనో చెప్పలేని లోహము. అది ఓడపేరును మోయుచున్నదేగాని ఓడకథను చెప్పజాలదు.

టైటానిక్ విషయములో ప్రశ్న మరింత తీవ్రమైనది. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఓడతోపాటు 1,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1985లో దాని శిథిలములు సుమారు 3,800 మీటర్ల లోతున కనబడినవి. 1987 నుండి అచ్చటి వస్తువులను వేలకొలదిగా పైకి తీసిరి. బాల్యమున ఆ ఓడలో తండ్రిని కోల్పోయి బ్రదికి బయటపడిన ఈవా హార్ట్, ఇది సమాధులను దోచుటయే యని తుదివరకు నిరసించెను. ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగిన చందముగా నున్నదని మనవారు దీనిని చూచిన అందురు. రెండవ పక్షమువారి వాదమును వినదగినదే: ఇనుమును తిను సూక్ష్మజీవులు ఓడను హరించుచున్నవి, తీయకున్న అన్నియు నశించును గదా యని వారందురు. పైకి తీసిన వస్తువులను విడివిడిగా అమ్మరాదనియు, అన్నిటిని ఒకటిగా కాపాడవలెననియు అమెరికా న్యాయస్థానము నిబంధన విధించుట ఈ రెండు వాదములకును మధ్యేమార్గము. నూరేండ్లు నిండినందున 2012లో ఆ శిథిలములు నీటియడుగు వారసత్వమునుగూర్చిన 2001 నాటి యునెస్కో ఒడంబడిక పరిధిలోనికి వచ్చినవి. చేతినుండి చేతికి వచ్చిన గురుతును దాచుకొనుట వేరు, మృతుల నడుమనుండి ఏరుకొనుట వేరు. మొదటిది ఎవరైనను చేయదగినది; రెండవది విజ్ఞానార్థమై, ప్రజల పక్షమున, గౌరవముతో మాత్రమే చేయదగినది.

చేతినుండి చేతికి వచ్చిన గురుతునకు ఉత్తమోదాహరణము వాలెస్ హార్ట్లీ వయొలిను. టైటానిక్ మునుగుచుండగా వాద్యబృందమును నడపిన వాడితడు. కాబోయే భార్య కానుకగా ఇచ్చిన ఆ వాద్యము అతని దేహముతోపాటు దొరకి, తిరిగి ఆమెను చేరినది. పిమ్మట అనేక దశాబ్దములు మరుగుపడి, మరల వెలుగులోనికి వచ్చినప్పుడు నిపుణులు సంవత్సరములతరబడి పరీక్షించినగాని నిజమైనదని ఒప్పుకొనలేదు. 2013లో అది వేలమున 9,00,000 పౌనులు పలికినది. కొన్నవాడు చెల్లించినది కొయ్యకు కాదు, తీగెలకు కాదు, తెగిపోని సాక్ష్యపరంపరకు. కథ తెగినచో అది పాత వయొలినే.

ఈ సూక్ష్మమును గ్రహించినవాడు మోసపోడు. టైటానిక్ యజమానులైన వైట్ స్టార్ కంపెనీవారి పింగాణి పాత్రలపై సాధారణముగా కంపెనీ జెండా గురుతే యుండెడిది గాని ఓడపేరుండెడిది కాదు; ఒక ఓడ పళ్లెమును మరియొక ఓడలోను వాడెడివారు. కావున కంపెనీ గురుతును మాత్రమే చూపి 'ఇది టైటానిక్ పళ్లెము' అనువానిని నమ్మరాదు. 'ఎవరినుండి వచ్చినది? ఎట్లు వచ్చినది?' అను రెండు ప్రశ్నలే సేకరణకర్తకు రెండు కండ్లు.

మూడవ ప్రశ్న యొకటి కలదు. అదియే చరిత్రోపాధ్యాయునిది: ఈ గురుతులలో ఎవరు కనబడుట లేదు? 1912 ఏప్రిల్ 14న టైటానిక్‌లో మొదటి తరగతివారి రాత్రి విందునకు పది వరుసల వంటకములు. మూడవ తరగతివారికి రాత్రికి గంజి, బిస్కట్లు, జున్ను. ఈ రెండు భోజనపట్టికలను ప్రక్కప్రక్కన నుంచి, మొదటి తరగతిలో నూటికి సుమారు 60 మందియు, మూడవ తరగతిలో సుమారు 25 మందియు మాత్రమే బ్రదికిరని చెప్పినచో, సమాజమునుగూర్చి ఒక పూట ఉపన్యాసమవసరము లేదు. ఇక ఓడ కడుపులో నున్నవారి మాటయేమి? మారిటేనియాకు 192 కొలుములుండెడివి. దినమునకు సుమారు 1,000 టన్నుల బొగ్గును మనుష్యులే పారలతో ఎత్తి వానిలో వేసిరి. వారి పేర్లు ఏ ప్రయాణికుల పుస్తకమునను లేవు. 1914 నాటికి బ్రిటిషు ఓడలలో సుమారు 50,000 మంది లాస్కర్లు పనిచేయుచుండిరి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులే. వారి గురుతుగా ఏ విందుపట్టిక వేలమునకు వచ్చును?

ఈ లోటు మనకును కలదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి 342 మందిని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవునకు చేర్చినది. వారిలో తెలుగువారును కలరు. వారు తెచ్చుకొన్న గురుతులు మనకు తెలియవు. పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు వ్రాసిన అధికారుల పట్టికయే వారి స్మారకము. విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి పొట్టకూటికై రంగూనునకు పోయిన మనవారు తరతరములుగా ఓడల డెక్కుమీదనే పరుండి సముద్రమును దాటిరి. 1942లో జపాను సేనలు రంగూనును ఆక్రమించినప్పుడు అనేకులు కట్టుబట్టలతో, కాలినడకను వెనుకకు వచ్చిరి. వారిలో గురుతులు తెచ్చుకొనగలిగినవారెందరు?

అయినను తీరప్రాంతపు ఇండ్లలో అటకమీద ఒక రేకుపెట్టె, ఒక టిక్కెట్టు తునక, బర్మా తపాలాబిళ్ల గల ఒక ఉత్తరము ఉండకపోవు. ధనముచే టైటానిక్ గడియారమును కొనగలవారు లోకమున కొందరే. ఈ వస్తువులను గుర్తింపగలవారు ప్రతి పాఠశాలలోను కలరు. విద్యార్థులచేత వీనిని వెదకింపవలెను. వస్తువును ఇంటివారివద్దనే యుంచి, ఎవరిది, ఏ యేట, ఏ ఓడలో, ఎవరు చెప్పిరి అను నాలుగు సంగతులను మాత్రము పుస్తకమున వ్రాయింపవలెను. వేలమువేయు వారికి ఆ పుస్తకము విలువ లేనిదే కావచ్చును. ఓడ చీటీపై అచ్చుకాని పేరొక్కటి అందులో చేరినను, అది ఏ మ్యూజియమునకును తీసిపోదు.